చప్పిడి పథ్యం

నెలల తరబడి ఎవరికీ చెప్పని మాటతో మొదలుపెడతాను. పసరుమందు ఇచ్చే కోటమ్మవ్వ ఇంటి వాకిట్లో పళ్ళెంలోని నీళ్ళు పచ్చబడినప్పుడు, ఆ పచ్చ కామెర్లది కాదని నాకు తెలుసు. మర్నాడు నేను పనిచేసే ల్యాబులో ఎవరూ లేని సమయం చూసి, మామిడి చెక్క నానబెట్టిన నీళ్ళలో చిటికెడు సున్నం వేశాను. ఏ జబ్బూ లేని గాజుగొట్టంలో కూడా అదే పచ్చ వచ్చింది. గొట్టం కడిగి బోర్లించాను. ఇంటికి వెళ్ళి అమ్మ పెట్టిన ఉప్పులేని అన్నం తిన్నాను. నోరు విప్పలేదు.

రోజూ డైరీ రాసే అలవాటున్న దాన్ని. ఆ రోజు పేజీలో కూడా "ఎండ ఎక్కువగా ఉంది" అని మాత్రమే ఉంది.

ఇప్పుడు బాగానే ఉన్నాను. పొద్దున లేవగానే మాత్రలు, మధ్యాహ్నం ఇంకొకటి. పనికి వెళ్తున్నాను. ఇది రాస్తున్నది కొంత నా గుండె నిమ్మళం కోసం, కొంత నాలాగా నీరసంతో గోడలు పట్టుకుని నడుస్తూ, అడిగితే "ఏం లేదు" అనే ఆడపిల్లల కోసం.

మాది అల్లూరు దగ్గర పల్లె. నాయన రొయ్యల గుంటల మీద మేత వేసే పని చేస్తాడు. అమ్మ ఇంట్లోనే మిషను కుడుతుంది. నేను కెమిస్ట్రీతో డిగ్రీ చదివి, రొయ్యల రైతులు తెచ్చే నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబులో చేరాను. చుక్కల మందు వేసి రంగు చూడటం, ఉప్పు ఎంతుందో కొలవటం, కాగితం మీద రాసివ్వటం. మాట్లాడే అవసరం తక్కువ కాబట్టి ఆ పని నాకు ఇష్టం. నేను ఏదైనా చెప్పాలంటే ముందు మనసులో రాసుకుంటాను. రాసుకోవటం పూర్తయ్యేలోపు ఎదుటివాళ్ళు వేరే సంగతిలోకి వెళ్ళిపోతారు. చిన్నప్పటి నుంచి అంతే.

మార్చి నుంచి మే దాకా

మొదట వచ్చింది నీరసం. మంచం అంచున కూర్చుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టడానికే ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చేది. లేచి నిలబడితే కళ్ళ ముందు నల్లటి తెర దిగేది. గోడ పట్టుకుని పది దాకా లెక్కపెట్టుకుంటే మళ్ళీ వెలుతురు వచ్చేది. జడ వేసుకోవటానికి చేతులు పైకెత్తితే మధ్యలో దించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తేదాన్ని. అన్నం సయించేది కాదు. చుడీదార్లు వదులయ్యాయి. అమ్మ ఏమీ అనకుండా వాటిని మిషను మీద రెండుసార్లు బిగించింది.

తర్వాత నల్లబడటం మొదలైంది. ముందు వేళ్ళ కణుపులు, మోచేతులు. ఎండ అనుకున్నాం. ఒకరోజు అరచేయి తెరిచి చూసుకుంటే గీతలన్నీ ఎవరో బొగ్గుముక్కతో దిద్దినట్టు ఉన్నాయి. అద్దంలో చూస్తే చిగుళ్ళ మీద నల్లటి మచ్చలు. నోట్లోకి ఎండ ఎలా వస్తుంది? ఆ ప్రశ్న వేసుకుని, జవాబుకు భయపడి, అద్దం ముందు నుంచి తప్పుకున్నాను.

ల్యాబుకు నీళ్ళ సీసాలు తెచ్చే ఒక పెద్దాయన నన్ను చూసి, "ఏందమ్మా కరుణా, మా రొయ్యల సంగతి నిదానంగా చూద్దువులే. ముందు నిన్ను యాడ ఎండబెడతుండారో చెప్పు" అన్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వి, చేతులు బల్ల కిందికి తీసుకున్నాను.

ఇక ఉప్పు. దీన్ని రాయటానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఏం తిన్నా చప్పగా ఉండేది. ముందు ఊరగాయ జాడీలో ఊటను వేలితో నాకాను. తర్వాత ఎండుచేపల్ని కాల్చకుండానే నమిలాను. ఆ తర్వాత రాళ్ళ ఉప్పే. కాగితంలో పొట్లం కట్టుకుని డైరీ ఉన్న సంచిలో పెట్టుకునేదాన్ని. పలుకు నోట్లో వేసుకుంటే చక్కెర బిళ్ళ చప్పరించినట్టు ప్రాణం లేచి వచ్చేది. ఒకసారి ఎవరో తెచ్చిన గుంటనీళ్ళ సీసా మూత తీశాను. ఆ ఉప్పువాసనకు నోరు ఊరింది. చుట్టూ చూసి, మూతకు అంటిన చుక్కను నాలుకతో అద్దుకున్నాను.

ఇంట్లో ఉప్పు డబ్బా ఖాళీ అవుతుంటే అమ్మ అరిచింది. "మొన్ననే గదా నింపింది? ఏం, యలకలు తింటుండాయా?"

నాయన కాళ్ళు కడుక్కుంటూ, "ఉప్పు తినే యలకను నేనైతే చూళ్ళా. దొరికితే చెప్పు, మా ఓనరుకిస్తా. గుంటలో ఏసుకుంటాడు" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పుస్తకంలో తల దూర్చి కూర్చున్నాను. నోట్లో పలుకు ఇంకా కరుగుతూ ఉంది.

జూన్

వాంతులు మొదలయ్యాక అమ్మ తేల్చేసింది. "ఇది కామెర్లే. కంట్లో పచ్చ తేలేది కడాకు. ముందు లోపల్నే మెక్కతా ఉంటాది."

మా వైపు కామెర్లంటే పసరుమందే. చదువుకున్నవాళ్ళు, చదువుకోనివాళ్ళు అన్న తేడా లేదు. సెలవు అడిగితే మా ల్యాబు సారు కూడా, "ఎల్లిరామ్మా. కామెర్లకు ఇంగ్లీషు మందు ఎందుకూ పనికిరాదు. పత్తెం మాత్రం గట్టిగా చెయ్యి" అని పంపించారు.

కోటమ్మవ్వ సముద్రం దగ్గర పల్లెలో ఉంటుంది. పసరువైద్యం ఆమెకు వాళ్ళ అత్త నుంచి వచ్చిందట. ఆమె మోసగత్తె కాదు, ఆ సంగతి మొదటే చెప్పాలి. ఆమె నమ్మిందే చేసింది. వాకిట్లో కొబ్బరిమట్టల నీడన నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. మా వంతు రాగానే అవ్వ నా చేతులు పట్టుకుని చూసింది.

"ఎంత నల్లంగా ఐపోయిందో సూడు పిల్ల. అన్నం తింటుండాదా?"

"యాడ తింటాదవ్వా, రెండు ముద్దలు తిని లేస్తాది" అంది అమ్మ.

అవ్వ ముంతలో మామిడి చెక్క నానిన గోధుమరంగు నీళ్ళతో నా అరచేతులు తడిపి రుద్దింది. తర్వాత చెంబుతో సున్నపు తేట పోసింది. వేళ్ళ సందుల నుంచి చిక్కటి పచ్చనీళ్ళు పళ్ళెంలోకి దిగాయి. పక్కనున్నవాళ్ళు మెడలు చాచి చూశారు.

"సూసినావా మే, ఎంత దిగతా ఉండాదో? బాగా ముదరబెట్టుకున్నారు."

అమ్మ "దేవా" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆమె ముఖంలో మూడు నెలల తర్వాత మొదటిసారి భయం తగ్గటం చూశాను. నా జబ్బుకు పేరు దొరికింది. మందు దొరికింది. ఇన్ని రోజులకు ముగింపు దొరికింది. రోజంతా రంగుమారే నీళ్ళతో బతికే నాకు, ముంతలో నీళ్ళకు సున్నం తగిలితే ఎవరి చేతికైనా అదే రంగు వస్తుందని అక్కడే అర్థమైంది. ఆ మాట మనసులో రాసుకోవటం మొదలుపెట్టాను. ఈలోపు అమ్మ లేచి అవ్వ కాళ్ళకు దండం పెట్టింది.

నాకూ ఆ పేరు కావాలనిపించిందేమో. కామెర్లు అందరికీ వస్తాయి, అందరికీ పోతాయి. నల్లబడే చిగుళ్ళకు, దొంగతనంగా తినే ఉప్పుకు ఏ పేరుంటుందో ఎవరికి తెలుసు?

మూడు పొద్దులు పసరు. ఇరవై ఒక్క రోజులు చప్పిడి పథ్యం. ఉప్పు, పులుపు, కారం, నూనె ఏవీ ఉండకూడదు. పెసరకట్టు, మెత్తటి అన్నం, మజ్జిగ. "ఉప్పుకల్లు నాలిక్కి తగిలిందంటే పసరు ఇసమై కూర్చుంటాది. మల్లా నన్ననొద్దు" అంది అవ్వ.

ఆ రోజు నుంచి అమ్మ కూడా చప్పిడి తింది. నేను వద్దంటే వినలేదు. "నువ్వు చప్పిడి మింగతా ఉంటే నాకు కారం ముద్ద గొంతు దిగుద్దా మే? ఊరుకో" అంది. నాయనకు మాత్రం వేరే గిన్నెలో కూర వండి, అది కూడా రుచి చూడకుండా దించేది. ఆయన ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకుని, "ఈ కూరలో ఉప్పు రెండుసార్లు పడింది" అని, అమ్మ ముఖం చూసి, "బాగానే ఉండాదిలే" అని తినేశాడు.

ఎనిమిది రోజులు నేను పొట్లంతో గడిపాను. పెరట్లోకి వెళ్ళి గోడ చాటున నాలుగు పలుకులు చప్పరించి, నోరు పుక్కిలించి వచ్చేదాన్ని. ఆ ఎనిమిది రోజులు తూలుతూనైనా నడిచాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం వంటగది గుమ్మంలో ఆగిపోయాను. అమ్మ నేల మీద కూర్చుని, చప్పిడి అన్నంలో నీళ్ళు కలుపుకుని, కళ్ళు మూసుకుని, మందు మింగినట్టు మింగుతోంది. ముద్ద దిగక ఒకసారి గుటక ఆగింది. గుండె మీద తట్టుకుని మళ్ళీ మింగింది.

ఆమె అంత నిజాయితీగా చేస్తున్న పథ్యాన్ని నేను పెరట్లో చెడగొడుతున్నాను. సున్నం సంగతి తెలిసి కూడా, ఆ క్షణంలో తప్పంతా నాదే అనిపించింది. ఒకవేళ పసరు నిజంగానే పనిచేసేదైతే? నా ఉప్పు వల్లే తగ్గటం లేదేమో? పొట్లం తీసుకెళ్ళి కాలువలో వేసి వచ్చాను. ఆ సాయంత్రం డైరీలో "నేటి నుంచి నిజంగా" అని రాసుకున్నాను.

నాలుగో రోజు స్నానాలగదిలో పడిపోయాను.

దగ్గరలోని చిన్న ఆసుపత్రికి తీసుకెళితే సెలైన్ పెట్టారు. రెండు సీసాలు ఎక్కేసరికి లేచి కూర్చున్నాను. ఆకలి వేసింది. అమ్మ నా జుట్టు సవరిస్తూ, "సూసినావా, పత్తెం గుణం చూపిస్తా ఉండాది" అంది. నేను తలెత్తి సీసా మీద అక్షరాలు చదివాను. సోడియం క్లోరైడ్. ల్యాబులో రోజుకు ఇరవైసార్లు కొలిచే అదే ఉప్పు, గొట్టంలోంచి నా నరంలోకి దిగుతోంది. రెండోసారి తెలిసింది. రెండోసారి కూడా ఊరుకున్నాను. ఇంటికి వచ్చాం. మళ్ళీ పెసరకట్టు.

రెండు రోజుల తర్వాత తల పైకెత్తలేకపోయాను. నాయన నన్ను చంటిపిల్లలా ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టి, "నెల్లూరికి పోనీ" అన్నాడు. పసరు మాట, పథ్యం మాట ఎత్తలేదు. అమ్మను అడగలేదు కూడా.

నెల్లూరు

ఆసుపత్రి హాల్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. టోకెన్ నంబరు పిలవటానికి ఇంకా చాలా ఉంది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాం. నా పక్కన ముత్తుకూరు వైపు నుంచి వచ్చిన ఒకామె, లోపల ఉన్న భర్త కోసం ఎదురుచూస్తోంది. నా తల వాలిపోతుంటే లాగి తన ఒళ్ళో పెట్టుకుంది.

"పండుకోమ్మా, పండుకో. నా తొడేం అరిగిపోదు."

ఎక్స్‌రే కవరుతో విసురుతూ ఉంది. ఆమె పేరు అడగలేదు. ఆ చీరకు ఉన్న సబ్బు వాసన మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

నా తల మీదుగా అమ్మ, నాయన గుసగుసగా పోట్లాడుకుంటున్నారు.

"మొదటే ఈడికి తెచ్చుంటే..."

"తేవాల్సింది. నేనేమన్నా చేతులు కట్టేసినానా? నువ్వు గుంట గట్టు దిగినావా మూడు నెల్లుగా?"

"నీ పసరు..."

"నా పసరేంది? ఊరంతా తాగతా ఉండారు."

నా ఇరవై ఐదేళ్ళలో వాళ్ళిద్దరూ బయటివాళ్ళ ముందు గొంతు పెంచటం నేను చూడలేదు. ముత్తుకూరు ఆమె వాళ్ళ వైపు చూడకుండానే, "పిల్ల వింటా ఉండాదమ్మా" అంది.

డాక్టరమ్మ పెద్దగా మాట్లాడలేదు. పడుకోబెట్టి బీపీ చూశారు. కూర్చోబెట్టి చూశారు. కూర్చోగానే నాకు తెర దిగింది. కళ్ళు తెరిచేసరికి ఆమె నా అరచెయ్యి పట్టుకుని, గీతల్లో నలుపును వేలితో రుద్ది చూస్తున్నారు. పెదవి లాగి చిగుళ్ళు చూశారు. అప్పుడు అడిగారు.

"ఉప్పు ఎక్కువ తినాలనిపిస్తుందా?"

"లేదమ్మా" అంది అమ్మ, నా భుజం మీద చెయ్యి వేసి. "రెండు వారాలుగా ఉప్పుకల్లు ముట్టలా. గట్టి పత్తెంలో ఉండాది." ఆ గొంతులో అలసట ఉంది, కొంచెం గర్వం కూడా ఉంది.

"మిమ్మల్ని కాదమ్మా. ఆ అమ్మాయిని అడుగుతున్నా."

నేను మనసులో రాసుకోవటం మొదలుపెట్టాను. వాక్యం సగంలో తెగిపోతోంది. మళ్ళీ మొదటికి వెళ్తున్నాను. బయట ఇంకో నంబరు పిలిచారు. నర్సు తలుపు తీసి, తర్వాతి వాళ్ళను పంపనా అన్నట్టు చూసింది. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆమెను ఆపారు. నా వైపే చూస్తూ ఉన్నారు. జీవితంలో మొదటిసారి ఎవరో నా వాక్యం పూర్తయ్యేదాకా ఆగారు.

"తిన్నాను" అన్నాను.

"గట్టిగా చెప్పమ్మా."

"ఉప్పు తిన్నాను. మార్చి నుంచి. పలుకులు పలుకులుగా. పథ్యంలో కూడా, ఎవరికీ తెలియకుండా. తర్వాత మానేశాను."

అమ్మ చెయ్యి నా భుజం మీద నుంచి జారిపోయింది.

"ఎప్పుడు మానేశావు?"

"వారం కావస్తోంది."

ఆమె పెన్ను కింద పెట్టి నర్సుతో చకచకా ఏదో చెప్పారు. ముందు రక్తం తీసుకోండి, వెంటనే ఇంజెక్షన్ వెయ్యండి, రిపోర్టు కోసం ఆగొద్దు. నాకు అర్థమైంది అంతవరకే. చక్రాల మంచం వచ్చింది. ఎవరో పరుగెత్తుతున్న చెప్పుల చప్పుడు. పైన గుండ్రటి లైట్లు ఒకటొకటిగా వెనక్కి పోవటం. నాయన గొంతు, "అమ్మా, మా పిల్ల..." అని ఆగిపోవటం.

సాయంత్రానికి నాకు ఆకలి వేసింది. ఈసారి ఆ ఆకలి మర్నాడు కూడా ఉంది.

జులై

డాక్టరమ్మ మూడో రోజు మంచం పక్కన కూర్చుని నా రిపోర్టు నా చేతికే ఇచ్చారు. సోడియం బాగా తక్కువ, పొటాషియం ఎక్కువ. ఉప్పు తక్కువున్న గుంటల్లో పొటాషియం కూడా చాలక రొయ్యలు తిమ్మిరెక్కి వంకర పోతుంటే, ఖనిజలవణాలు చల్లమని రాసిచ్చేది నేనే. నా ఒంటి లెక్క నా బల్ల మీదికి సీసాలో వచ్చి ఉంటే ఒక్క నిమిషంలో ఎర్రసిరాతో గీత కొట్టి ఉండేదాన్ని.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. మూత్రపిండాల నెత్తిన రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. ఒంట్లోని కొలెస్టరాల్‌తోనే అవి స్టెరాయిడ్ హార్మోన్లు తయారు చేస్తాయి. ఒకటి ఉప్పును ఒంట్లో నిలిపి ఉంచుతుంది. ఇంకొకటి, కార్టిసాల్, జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, దిగులు పడినా మనిషిని నిలబెడుతుంది. మనం ఇంకా నిద్రలో ఉండగానే, తెల్లవారుజామున, అది రక్తంలో పెరగటం మొదలవుతుంది. పొద్దున లేచి చెప్పులు తొడుక్కునే ఓపిక అక్కడి నుంచే వస్తుందట. ఎంత తయారు చెయ్యాలో మెదడు కింద ఉండే మరో గ్రంథి కబురు పంపుతుంది. చాలినంత తయారైతే కబురు తగ్గుతుంది. చాలకపోతే పెరుగుతుంది. నా ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబాటున ఆ రెండు చిన్న గ్రంథుల్ని దెబ్బతీసింది. పై నుంచి కబురు మీద కబురు వస్తోంది, పలికేవాళ్ళు లేరు.

"ఆ కబురు అంతగా పెరిగితే చర్మం మీద కూడా పనిచేస్తుంది. అందుకే నల్లబడ్డావు" అన్నారు డాక్టరమ్మ.

మంచం మీద పడుకుని ఆ మాటే చాలాసేపు ఆలోచించాను. అందరూ ఎండ అన్నారు. లోపల ఎవరో నెలల తరబడి పిలుస్తూ ఉంటే, ఆ పిలుపు నా చర్మం మీదికి వచ్చింది.

నాయన గుమ్మంలో నిలబడి అడిగాడు. "స్టెరాయిడ్లు అంటుండారు గదమ్మా. అయి మంచియి గావంట. మొకం ఉబ్బతాదంట, ఎముకలు గుల్ల అవతాయంట. ఎన్నాళ్ళు వాడాల?"

"అవసరం లేనివాళ్ళు ఎక్కువగా వాడితే అవన్నీ వస్తాయి. ఈమెకు ఇస్తున్నది ఒంట్లో ఉండాల్సిందే, ఉండాల్సినంతే. రోజూ వెయ్యాలి. ఎవరో చెప్పారని ఒక్కపూట కూడా ఆపకూడదు."

"జీవితాంతమా?"

"మీరు అన్నం ఎన్నాళ్ళు తింటారు?"



మూడు నియమాలు చెప్పారు. మాత్ర మానకూడదు. జ్వరమొస్తే రెట్టింపు చెయ్యాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ వేసుకుని వెంటనే ఆసుపత్రికి రావాలి. ఇంజెక్షన్ ఎలా వెయ్యాలో నర్సు అమ్మకు బత్తాయికాయ మీద నేర్పించింది. అమ్మ చేతిలోంచి సూది రెండుసార్లు జారి కిందపడింది.

ఇంటికి వచ్చాక అమ్మ నాకు అన్నం పెట్టటం మానేసింది. వండేది. వడ్డించటానికి నాయనను పిలిచేది. మాత్ర డబ్బా కూడా ముట్టుకునేది కాదు. నేను ఉప్పు దొంగతనంగా తిన్నందుకు కోపమేమో అనుకున్నాను. ఒకరోజు పక్కింటామెతో అంటుంటే విన్నాను. "బిడ్డ ఒళ్ళు ఉప్పు అడగతా ఉంటే నేను చప్పిడి పెట్టినా. తెలివిగా దొంగతనం చేసింది గాబట్టి బతికింది. లేకుంటే నా చేత్తో నేనే చంపుకునుంటా. ఈ చెయ్యి మంచిది గాదక్కా."

గోడకు ఇవతల నేను ఉన్నాను. ఒక్కమాట చాలు. "అమ్మా, ఆ పచ్చ అబద్ధమని నాకు ముందే తెలుసు, నీకు చెప్పకుండా ఊరుకున్నది నేను" అంటే ఆ బరువులో సగం నాకు వచ్చేది. మనసులో పూర్తిగా రాసుకున్నాను కూడా. చెప్పలేదు. తను నన్ను క్షమిస్తుందని తెలుసు. అందుకే చెప్పలేకపోయాను.

నవంబరు

వాయుగుండం పట్టి మూడు రోజులుగా వాన. నాయన గుంట కట్టలు తెగుతాయని తెల్లారకముందే వెళ్ళాడు. పొద్దున నాకు కడుపులో తిప్పింది. వాంతి అయింది. మాత్ర బయటికి వచ్చేసింది. ఇంకొకటి వేసుకున్నాను. పావుగంటకు అదీ పోయింది. విరేచనాలు మొదలయ్యాయి. నడుములో నొప్పి, చేతులు చల్లబడటం, శబ్దాలు దూరమవటం. ఆ దారి నాకు తెలుసు. ఒకసారి చివరిదాకా వెళ్ళి వచ్చిన దారి.

నాయన ఫోను కలవలేదు. నా చేతులు ఇంజెక్షన్ సీసా మూత కూడా తియ్యలేకపోయాయి.

"అమ్మా, ఇంజెక్షన్."

అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "నా వల్ల గాదు. మీ నాయన్ని రానీ. మస్తానన్న ఆటో పిలస్తా, ఆసుపత్రికే పోదాం."

రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు. ఆ వ్యవధి నా దగ్గర లేదని నాకు తెలుసు. మనసులో రాసుకోవటానికి కూడా సమయం లేదు.

"నువ్వే వెయ్యాలి!" అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇప్పుడే వెయ్యాలి. ఇంకాసేపటికి నేను నిద్రలోకి పోతా. అప్పుడు ఎట్టా వెయ్యాలో చెప్పేవాళ్ళు కూడా ఉండరు. రా అమ్మా. నీళ్ళు పొడిలో కలుపు. నేను చెప్తా."

మిషను మీద చిక్కు కుట్టు ఆగి ఆగి కుడుతున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో, ఆ ముఖంతో వచ్చింది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. నేను ఒక్కొక్క మాట చెబుతుంటే ఒక్కొక్క పని చేసింది. కలిపింది. లాగింది. గాలి బుడగ తీసింది. తొడ మీద దూదితో తుడిచింది. ఈసారి సూది చేతిలోంచి జారలేదు, తిన్నగా దిగింది.

మస్తానన్న ఆటో నీళ్ళలో పడవలా ఊగుతూ కదిలింది. "ఇంజను ఆగిందంటే దిగి తొయ్యాల్సిందేనొదినా" అంటే, "తోస్తా, పోనీ" అంది అమ్మ. నా తల ఆమె గుండె మీద ఉంది. పరదా సందులోంచి వాన ముఖం మీద కొడుతోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. మూసుకుంటే హాయిగా ఉంటుందనిపిస్తోంది.

"మే! కండ్లు మూయబాక. మాట్లాడు" అని అమ్మ నా చెంప మీద తట్టింది.

ఏం మాట్లాడాలో తెలియలేదు. దారిలో గుంటల పేర్లు చెప్పాను. ఏ గుంటలో ఉప్పు ఎంతో చెప్పాను. చిన్నప్పుడు బళ్ళో మాట్లాడనందుకు టీచరు నన్ను బెంచీ ఎక్కించిన సంగతి చెప్పాను. అమ్మకు ఆ సంగతి తెలియదు. నాలుక మొద్దుబారింది. మాటలు ముద్దగా వస్తున్నాయి. ఇక మిగిలింది పళ్ళెంలోని పచ్చ సంగతి. అక్కడ ఆగాను.

అమ్మ నన్ను గట్టిగా కుదిపింది.

"ఇంకా? ఆపబాక మే. మంచిదో చెడ్డదో, నీ నోటికొచ్చింది చెప్పు. నేను వింటా ఉండా."